నిప్పుల కుండ ఎవరిది

మా ఆడపడుచు రుమెనతో ఒక్క పూట వేగి చూడండి, తర్వాత నాకు ఓర్పు లేదని అందురుగాని.

ఇంటికి చుట్టాలొస్తారు. ఆవిడ కాల్చిన గుమ్మడికాయ పిట, అదే పొరల రొట్టె, ముక్క నోట్లో పెట్టుకుని ఆహా అంటారు. మనిషన్నాక నవ్వి ఊరుకోవాలి కదా? ఈవిడ ఊరుకోదు. పిండి అంత పల్చగా సాగదీయడం స్తానొయ్క అత్త నేర్పిందనీ, దాల్చినచెక్క తగ్గించమన్నది పక్కింటి పెర్సిద అనీ, గుమ్మడికాయ ఎవరి పెరట్లోదో కూడా చెప్పి గానీ వదలదు. జోకు చెప్పబోతే ముందు అది ఎవరి జోకో చెబుతుంది. ఈలోగా వినేవాడికి నవ్వు చచ్చిపోతుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి.

ఈ తెగులువల్లే పెళ్ళి కూడా చెడగొట్టుకుంది. పోస్టాఫీసులో చేసే జివొయిన్ అనే కుర్రాడితో నిశ్చయం చేశాం. భోజనాల దగ్గర అతను గ్లాసు పట్టుకు లేచి, ఈమె కళ్ళలోకి చూస్తూ, రాత్రంతా మేలుకుని రాశానని నాలుగు లైన్ల కవిత చదివాడు. మా అత్తగారు కళ్ళు తుడుచుకుంది. రుమెన మాత్రం, "ఇది మా గోడ క్యాలెండర్లో ఫిబ్రవరి కాగితం వెనక ఉంది కదా" అంది. వెటకారం కాదు, మామూలుగానే అంది. అతని తల్లి ఫోర్కు కింద పెట్టేసింది. నెల తిరక్కుండా సంబంధం పోయింది. చదివింది బాగానే చదివాడు, రాసింది తనే అనకుండా ఉంటే సరిపోయేది కదా వదినా అని నన్నే అడిగింది. ఏం చెప్పమంటారు అలాంటిదానికి?

నా పేరు స్తమెన. ఈ ఊరి కాలేజీలో మాష్టార్లకి కాఫీ కాచిపెట్టే పని నాది. మెట్ల కింద చిన్న గది, ఒక పొయ్యి, పొడుగు పిడి ఇత్తడి గిన్నెలు. ప్రతి కప్పు పక్కనా ఒక రత్లుక్ మిఠాయి ముక్క కోసి పెట్టాలి, దానికో కత్తి. ఇక్కడ పుట్టినదాన్ని కాదు. కొండ అవతలి దాన్ని. అది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ ఊరివాళ్ళ మీద నా కడుపుమంట అక్కడ మొదలైంది.

మా వైపు పెళ్ళికూతురు అత్తారింటికి పోయేటప్పుడు తల్లి పొయ్యిలోంచి నిప్పులు మట్టికుండలో పెట్టుకుని తీసుకెళ్తుంది. అత్తారింటి పొయ్యి ఆ నిప్పుతో వెలిగించాలి. నేనూ అలాగే వచ్చాను, కారులో కుండ ఒళ్ళో పెట్టుకుని. దిగగానే ఈ ఊరివాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. కారు తగలబెడతావా పిల్లా అన్నారు. మా అత్తగారైతే నా చేతిలోంచి కుండ లాక్కుని వాకిట్లో బకెట్టు నీళ్ళు కుమ్మరించింది. ఆ చుయ్‌మన్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పుడు రుమెన లంగా వేసుకు తిరిగే పిల్ల. నవ్వకుండా చూసింది అదొక్కతే.

ఆ తర్వాత కొన్నేళ్ళకి మా కాలేజీ ప్రొఫెసర్ గ్రదిమిర్ 'మన లోయ ఆచారాలు' అని ఒక లావుపాటి పుస్తకం అచ్చు వేశాడు. అందులో, ఈ లోయలో పెళ్ళికూతుళ్ళు నిప్పుల కుండ మోసుకొచ్చేవాళ్ళు అని రాసి, కింద ఫుట్‌నోటులో ఎప్పుడో వందేళ్ళ కిందటి ఒక బడిపంతులు రాసిన పుస్తకం పేరూ పేజీ నంబరూ వేశాడు. అంతే. మునిసిపాలిటీవాళ్ళు ఆగస్టులో నిప్పుల కుండ పండుగ మొదలెట్టారు. ఎవరో ఆడపిల్లలకి అద్దె బట్టలు తొడిగి, చౌకులో కుండలు మోయించి, ఫైరింజను పక్కన నిలబెట్టుకుని చప్పట్లు. మా అత్తగారు ముందు వరసలో కుర్చీ వేయించుకుని, ఇది మా తాతల నాటి ఆచారం అని పక్కవాళ్ళకి చెప్పేది. నా కుండలో నీళ్ళు పోసిన మనిషి! సొమ్మొకడిది, సోకొకడిది. అది మా కొండ అవతలిది అని నేను ఎంత మొత్తుకున్నా, కాఫీ కాచేదాని మాట ఎవడు వింటాడు.

రుమెన మిరపకాయల ఫ్యాక్టరీలో చేసేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, పైనున్న పల్లె బడిలో తాత్కాలికంగా పంతులమ్మగా పెట్టుకున్నారు. పిల్లలు దాన్ని వదిలేవాళ్ళు కాదు. డిగ్రీ కాగితం తెస్తేనే ఉద్యోగం ఉంటుంది, లేదంటే వేసవి సెలవుల తర్వాత రావద్దన్నారు. నలభై దాటాక మా కాలేజీలో చేరింది. పరీక్షలన్నీ అయ్యాయి. ఇక మిగిలింది డిగ్రీ వ్యాసం. అది రాసి, కమిటీ ముందు నిలబడి జవాబులు చెబితే కాగితం చేతికొస్తుంది. పెళ్ళి ఆచారాల మీద తీసుకుంది. గైడు గ్రదిమిర్.

మా కాలేజీలో వ్యాసం ఎలా రాస్తారో నేను చెప్పనా? కాఫీ గిన్నె పట్టుకు తిరిగేదానికి అన్నీ వినపడతాయి. గ్రదిమిర్ పుస్తకంలో విషయం ఎత్తుకుంటారు. దాని కింద ఆయన వేసిన ఫుట్‌నోటు కూడా ఉన్నదున్నట్టు ఎత్తుకుంటారు. పాత పుస్తకం తామే చదివినట్టు కనపడాలని. ఒకళ్ళూ ఆ పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. ఆయనా అలాగే వేయమంటాడు, చూడ్డానికి బరువుగా ఉంటుందని.

రుమెన వేసింది. వేసి, రాత్రి నిద్రపట్టక, నేను చూడని పుస్తకాన్ని చూసినట్టు ఎలా రాస్తాను వదినా అని మర్నాడు లైబ్రరీకి పోయి దాన్ని దింపించింది. గంట తర్వాత ఆ పుస్తకం పట్టుకుని నా గదికొచ్చింది. "కత్తి ఇస్తావా?" అంది.

పాతకాలం పుస్తకాలు పేజీలు అంచుల దగ్గర అతుక్కునే వచ్చేవి. కొన్నవాడే కత్తి పెట్టి కోసుకుని చదువుకోవాలి. ఆ పుస్తకంలో మొదటి పేజీలు తప్ప ఒక్కటీ కోసి లేదు. గ్రదిమిర్ పుస్తకం వచ్చి ఇన్నేళ్ళయింది, పండుగ మొదలయి ఇన్నేళ్ళయింది, ఆ పేజీ మనిషి కంటికి కనపడనే లేదు. ఇంకెవడో వేసిన నోటు చూసి ఈయన ఎత్తేశాడు, ఈయనది చూసి మిగతావాళ్ళు. గొర్రెల మంద.

చేతికున్నది రత్లుక్ కోసే కత్తి. కాఫీ తడి ఇంకా ఆరలేదు. అలాగే పెట్టి కోసింది. అంచు మీద గోధుమరంగు మరక పడితే, అయ్యో అని రుమాలుతో అద్దింది, పోలేదు. తర్వాత చదివి వినిపించింది. బడిపంతులు ఏం రాశాడో తెలుసా? నిప్పుల కుండ మోయడం కొండ అవతలే చూశాను, ఈ లోయలో అడిగితే నవ్వారు అని రాశాడు.

అదే నవ్వు! గిన్నె పొంగి పొయ్యి ఆరిపోయినా చూసుకోలేదు. ఆ క్షణాన ఊళ్ళోకి పరిగెత్తి ఒక్కొక్కడి తలుపూ తట్టాలనిపించింది. రుమెన మాత్రం, ముందు సరిగ్గా రాయనీ వదినా అని పుస్తకం మూసింది.

సరిగ్గా రాసింది కూడా. ఆ ఫుట్‌నోటు నేనిప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. ఈ మాట నేను మొదట గ్రదిమిర్ గారి పుస్తకంలోంచి తీసుకున్నాను, మూలం చూడలేదు. తర్వాత చూస్తే అందులో దీనికి వ్యతిరేకంగా ఉంది. నిప్పుల కుండ కొండ అవతలిదని అంతకు ముందే నాకు చెప్పింది, తన పెళ్ళిలో మోసి చూపించింది మా వదిన స్తమెన, ఈ కాలేజీలో కాఫీ చేస్తుంది. పుస్తకం పేజీలు ఆమె కత్తితో నేను కోశాను. ఇంతే. నా పేరు ఎందుకే మధ్యలో అని తిట్టాను. నువ్వు చెప్పావు కదా అంది.

గ్రదిమిర్ చదివి పిలిపించాడు. నేను కాఫీ పట్టుకెళ్ళి, కావాలనే కప్పులు ఒక్కొక్కటే సర్దుతూ నిలబడ్డాను. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. వెన్నపూసలా మాట్లాడాడు. "చూడు రుమెనా, నీ కష్టం నేను కాదనను. పేజీ ఉంచు. కొండ అవతలిదనే రాయి. కాకపోతే, ప్రొఫెసర్ గ్రదిమిర్ ఇటీవల మూలాన్ని మళ్ళీ పరిశీలించి ఈ సంగతి నాకు చూపించారు అని పెట్టు. మిగతాది తీసెయ్. పదికి పది వేస్తాను, బడివాళ్ళకి నేనే చెబుతాను." పంచదార వేసుకుని తీరిగ్గా కలుపుకున్నాడు. దొంగతనం చేసి పట్టుబడ్డవాడు పోలీసు టోపీ కూడా నాకే ఇమ్మన్నాడన్నమాట.

రుమెన ఆలోచిస్తానని వచ్చేసింది. ఇంట్లో ఆలోచించనిచ్చేవాళ్ళెవరు? ఈ ఊళ్ళో డిగ్రీ అంటే పెళ్ళంత హడావిడి. కమిటీ రోజుకి చుట్టాలందరూ కాలేజీ వరండాలోనే బల్ల పరిచి, పిటలూ రకియా సారా సీసాలూ పెట్టుకుని తలుపు తెరుచుకునేదాకా కాచుకుంటారు. పొద్దున్నే ఇంట్లో గొర్రెపిల్లని ఊచకి గుచ్చేస్తారు. ఫలితం తర్వాత, విందు ముందు. మా ఆయన మిలుతిన్ చెల్లెలి చదువుకని గొర్రెపిల్లని అప్పటికే పెరట్లో కట్టేశాడు. సంగతి విని గుడ్లురిమాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆ బడిపంతులు పోయి ఎన్నేళ్ళయిందో. వాడికి లేని బాధ నీకెందుకు?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నేనూ ఆయన పక్కే మాట్లాడాను. ఏం, మాట్లాడనా? నా కుండ నా ఊరికి తిరిగొస్తుంది. దానికి ఉద్యోగం వస్తుంది. పోయేదల్లా ఒక్క వాక్యం. చెవినిల్లు కట్టుకుని పోరాను. "పోనీలేవే, ఎవరు కనిపెట్టారన్నది ఎవడిక్కావాలి? మాదని తేలిపోయింది, చాలు" అన్నాను.

రుమెన మిరపకాయలు కాలుస్తోంది అప్పుడు. తొక్క తీస్తూ తలెత్తకుండానే అంది: "ఎవరిదైతే ఏంటని నువ్వే అంటే ఎలా వదినా? మరి కుండ ఎవరిదైతే నీకేం? ఇన్నేళ్ళూ ఎందుకు ఏడ్చావు?"

చెంప పగలగొడదామన్నంత కోపమొచ్చింది. వేళ్ళు కాలుతున్నా దానితో పాటు కూర్చుని మిరపకాయలు ఒలిచాను.

కమిటీ రోజు వరండాలో బల్ల పరిచాం. గదిలో ముగ్గురు మాష్టార్లు, వాళ్ళకి కాఫీ నాదే. రుమెన నీలం గౌను వేసుకుని నిలబడింది, అది పెర్సిద కూతురిది, ఆ సంగతి గుమ్మం దగ్గరే ఇద్దరికి చెప్పేసింది కూడా. గ్రదిమిర్ నవ్వు మొహంతో, ఆ ఫుట్‌నోటు ఒకసారి పైకి చదువమ్మా అన్నాడు. మార్చిందనుకున్నాడు. అది మార్చలేదు. నిదానంగా చదివింది. నా పేరు, నా పని, నా కత్తి, అన్నీ ఆ గదిలో వినబడ్డాయి. ఇరవయ్యేళ్ళుగా ఆ గదిలోకి వెళ్ళొస్తున్నాను, నా పేరు అక్కడ ఎవరూ పలకగా వినలేదు. ఇటు రావే, ఇది తీసెయ్యవే, అంతే. ట్రే బల్ల మీద పెట్టేసి చేతులు తుడుచుకున్నాను. సిగ్గో, గర్వమో, దాని పీక పిసకాలన్న కోపమో, మూడూనో.

గ్రదిమిర్ మొహం కందగడ్డయింది. వ్యాసంలో వంటింటి కబుర్లు చొప్పించారన్నాడు. గైడుగా తప్పుకుంటున్నానన్నాడు. మిగతా ఇద్దరూ కాగితాలు సర్దుకున్నారు. వాళ్ళిద్దరి పుస్తకాల్లోనూ అదే ఫుట్‌నోటు ఉంది మరి. వ్యాసం అసంపూర్ణం అని రాసి చేతిలో పెట్టారు. తలుపు తెరుచుకోగానే మిలుతిన్ సీసా మూత తీశాడు. మా మొహాలు చూసి మళ్ళీ బిగించాడు.

గొర్రెపిల్ల మాత్రం కాలింది కదా, తినక తప్పదు. అంత దిక్కుమాలిన విందు నేనెన్నడూ చూడలేదు. ఒక్కడూ మాట్లాడడు, అందరూ నములుతారు. ఒక మేనమామ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానికి చదువెందుకు అని ఎముక చీకుతూ అన్నాడు. రుమెన అందరికీ వడ్డించింది. సెలవులయ్యాక బడివాళ్ళు ఇంకో పిల్లని పెట్టుకున్నారు. రుమెన సంతలో మిరపకాయలు కాల్చి అమ్మే బండి దగ్గర చేరింది.

కథ అక్కడైపోతే నాకింత మంట ఉండేది కాదు. మరుసటి వేసవికి గ్రదిమిర్ కొత్త వ్యాసం అచ్చు వేశాడు. తాను మూలాన్ని స్వయంగా మళ్ళీ పరిశీలించాననీ, నిప్పుల కుండ కొండ అవతలిదని కనిపెట్టాననీ! రుమెన పేరు లేదు. నా పేరు సంగతి అడక్కండి. పేపర్లో ఫొటో పడింది. పండుగ కొండ అవతలికి, మా ఊరికే మార్చారు. మా ఊరివాళ్ళు, నా సొంత మేనత్త కొడుకు, ఆయనకి ఎదురెళ్ళి, మా వైపు పెద్ద మర్యాదైన రొట్టె, ఉప్పు ఇచ్చి ఆహ్వానించాడు. మా నిప్పుల్ని మాకు తిరిగిచ్చిన మహానుభావుడట.

నేనూ రుమెనా బస్సులో వెళ్ళాం. బడి హాల్లో అద్దాలపెట్టెలో ఆ పాత పుస్తకం పెట్టారు, అదే పేజీ తెరిచి. గ్రదిమిర్ చుట్టూ జనం. మరక చూపించి, ఇది బహుశా ఆ బడిపంతులు గారి కాఫీ మరకే అయ్యుంటుంది, వందేళ్ళ నాటిది, అని గొంతు బొంగురు చేసుకుని చెబుతున్నాడు. అతుక్కున్న పేజీ లోపల వందేళ్ళ కిందట కాఫీ ఎలా పడుతుందిరా నాయనా!

"అది నా కత్తి మరక," అన్నాను. గట్టిగానే అన్నాను. మా మేనత్త కొడుకు నా మోచెయ్యి పట్టుకుని, అతిథి ముందు పరువు తియ్యకే స్తమెనా అన్నాడు. నలుగురు ష్ అన్నారు. గ్రదిమిర్ నన్ను చూశాడు, చూడనట్టు చూశాడు. రుమెన జనంలోంచి, "నిజమే, మా వదిన కాఫీ అది, రత్లుక్ కూడా" అంది, వెనకటికి క్యాలెండరు కాగితం సంగతి చెప్పినట్టే. ఎవరో వాయిద్యాలు మొదలెట్టించారు. మా ఇద్దర్నీ గుమ్మం దాకా మర్యాదగా తోసేశారు.

పక్క పట్నం కాలేజీలో ఒకావిడ రుమెన వ్యాసం తీసుకుంది. ఒక్క షరతు పెట్టింది. గ్రదిమిర్ వ్యాసం ముందు అచ్చయింది గనక ఆయన పేరూ ఫుట్‌నోటులో ఉండాలంది. రుమెన ఇంటికొచ్చి రాసుకుంటుంటే చూశాను. వాడి పేరు, పూర్తిగా, వ్యాసం పేరుతో సహా. కాగితం లాక్కోబోయాను. "దొంగ పేరు నీ చేత్తో రాస్తావా? సిగ్గులేదూ?" అన్నాను.

"అచ్చు వేసింది ఆయనే కదా వదినా. అది దాచేస్తే నేనూ ఆయనా ఒకటే."

దానికింద నా పేరు, కత్తి, ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ కాలేజీలో డిగ్రీ ఇచ్చారు, పదికి ఎనిమిది వేశారు. ఈసారి గొర్రెపిల్లని ఎవరూ గుచ్చలేదు, మిలుతిన్ రానేలేదు. ఇప్పుడు ఎక్కడో రెండు బస్సులు మారి వెళ్ళే పల్లెలో సగం జీతం ఉద్యోగం. పిల్లలకి మొదటి రోజే, ఎవరు చెప్పారో చెప్పకుండా నాకు ఏదీ చెప్పొద్దని చెప్పిందట. పాపం పిల్లలు.

నేను ఇంకా అదే మెట్ల కింద కాఫీ కాస్తున్నాను. మొన్న మాష్టార్ల మీటింగుకని ఇంట్లో మిగిలిన గుమ్మడికాయ పిట పట్టుకెళ్ళాను. గ్రదిమిర్ ఒక ముక్క తిన్నాడు, రెండోది అందుకున్నాడు. ఏం చేతి రుచి నీది స్తమెనా అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట నా పేరు రావడం అదే మొదలు. వెనకటి రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేదాన్ని.

"నాది కాదు మాష్టారూ," అన్నాను. "రుమెనది."

ఆయన దవడ ఆగిపోయింది. నేను కప్పులు తీసుకుని, పిట కోసిన ఆ రత్లుక్ కత్తి అక్కడే వదిలేసి వచ్చేశాను.